ఆఫీసు బిల్డింగ్ కట్టాలంటే: సెక్షన్ గీత నుంచి జనరేటర్ పరీక్ష దాకా

స్థలం చేతికి రాగానే ఓనర్లు మొదట అడిగేది ఎలివేషన్, అంటే భవనం బయటికి కనిపించే రూపం. నీలం గాజు, రాత్రిపూట వెలిగే పట్టీలైట్లు ఉన్న త్రీడీ బొమ్మ ఒకసారి వాట్సాప్‌లో తిరగడం మొదలైందంటే, ఆ తర్వాత ఏ గోడ జరపాలన్నా గొడవే. ఆఫీసు భవనంలో డబ్బు ఎక్కువగా పోయేది, అద్దెకొచ్చినవాళ్లు ఎక్కువగా తిట్టుకునేది ఆ బొమ్మలో కనపడని చోట్లే. ఫాల్స్ సీలింగ్ పైన, పైపులు, కేబుళ్లు నిలువుగా పోయే షాఫ్టుల్లో, సెల్లార్ మూలల్లో ఏం జరుగుతోందో ముందు తేల్చుకుంటే ఎలివేషన్ దానంతట అదే కుదురుతుంది. అందుకే ఈ గైడ్‌లో క్రమం తిరగేశాను.

మాట తేలికగా ఉండటానికి ఒక ఉదాహరణ పట్టుకుందాం. హైదరాబాద్ పశ్చిమాన ఒక స్థలం. రెండు సెల్లార్లు, గ్రౌండ్, పైన ఐదు అంతస్తులు. ఒక్కో అంతస్తు 1,500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 16 వేల చదరపు అడుగులు. సెల్లార్లు ఒక్కొక్కటి 1,800 చదరపు మీటర్లు. ఈ లెక్కలన్నీ తొలి అంచనాలు. మీ కన్సల్టెంట్ ఇచ్చే అంకెలు వేరుగా ఉంటే వాటినే నమ్మండి, కానీ ఎందుకు వేరుగా ఉన్నాయో అడగండి.

1. ఎత్తు ఎక్కడ ఆపాలో ముందే తేల్చుకోండి

జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016 (అందరూ ఎన్‌బీసీ అంటారు) 15 మీటర్లు, ఆపైన ఉన్న ప్రతి భవనాన్నీ హైరైజ్‌గానే చూస్తుంది. అంటే మన ఉదాహరణ ఎలాగూ హైరైజే. 24 మీటర్లు దాటితే రెఫ్యూజ్ ఏరియా కూడా ఇవ్వాలి. అగ్నిప్రమాదం జరిగితే జనం వచ్చి నిలబడే ఖాళీ జాగా అది, అద్దెకు ఇవ్వడానికి వీల్లేదు. అంతస్తుకు 3.9 మీటర్ల చొప్పున ఆరు అంతస్తులకు 23.4 మీటర్లు, నేల నుంచి గ్రౌండ్ అంతస్తు లేచే ప్లింత్ 450 మిల్లీమీటర్లు కలిపితే 23.85. హద్దుకు లోపలే ఉన్నాం. ఇంకో అంతస్తు ఎక్కిస్తే దానివల్ల వచ్చే అద్దె, దానితో వచ్చే అదనపు భారం రెండూ కాగితం మీద పెట్టి చూడండి. చాలాసార్లు ఏడో అంతస్తు కంటే ఆరింటినీ బాగా కట్టడమే లాభం.

రెండో హద్దు 20,000 చదరపు మీటర్లు. బిల్టప్ ఏరియా అంత ఉంటే 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి కావాలి. ఈ లెక్కలో సెల్లార్లూ కలుస్తాయి, అది చాలామంది మరిచిపోతారు. మనది 9,000కి 3,600 కలిపి 12,600. ఇబ్బంది లేదు. సెట్‌బ్యాక్‌లు (చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా) ఎత్తు, రోడ్డు వెడల్పులను బట్టి మారతాయి కాబట్టి ప్లాన్ గీసే ముందే స్థానిక నిబంధనల పట్టిక దగ్గర పెట్టుకోండి. బేగంపేట, శంషాబాద్ విమానాశ్రయాలు దగ్గరైతే ఎత్తుకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నుంచి ఎన్‌ఓసీ కూడా చూసుకోవాలి.

వాస్తు పండితుడిని పిలిచే ఉద్దేశం ఉంటే ఇప్పుడే పిలవండి. ఈశాన్యంలో సంపు, ఆగ్నేయంలో ట్రాన్స్‌ఫార్మర్ అని ఆయన ఎలాగూ చెబుతాడు. ప్లాన్ గీయకముందు ఆ రెండూ కుదర్చడం పెద్ద పని కాదు. పిల్లర్లు లేచాక చెబితే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

2. ప్లాన్ కంటే ముందు సెక్షన్ గీయండి

ఒక అంతస్తును నిలువుగా కోసినట్టు బొమ్మ వేసి, 3.9 మీటర్లను పంచి చూడండి. మామూలు దూలాల పద్ధతిలో దూలం 600 మిల్లీమీటర్లు తింటుంది. దాని కింద ఇన్సులేషన్‌తో కలిపి ఏసీ డక్ట్‌కు 400, సీలింగ్ ఫ్రేమ్, లైట్లు, స్ప్రింక్లర్ కొసలకు 150 పోతుంది. కింద కేబుళ్ల కోసం రెయిజ్డ్ ఫ్లోర్ 150. మిగిలేది 2.6 మీటర్లు. 30 మీటర్ల పొడవున్న హాల్లో 2.6 మీటర్ల సీలింగ్ అంటే నెత్తిమీదే ఉన్నట్టు ఉంటుంది.

అదే పోస్ట్ టెన్షన్డ్ (పీటీ) ఫ్లాట్ స్లాబ్, అంటే లోపలి ఉక్కు కేబుళ్లను లాగి బిగించిన, దూలాల్లేని స్లాబ్ తీసుకుంటే మందం 225 దగ్గర ఆగుతుంది, పిల్లర్ల చుట్టూ మాత్రం డ్రాప్ ప్యానెల్ మందంగా ఉంటుంది. డక్టులను ఆ డ్రాపుల మధ్య నుంచి నడిపిస్తే సీలింగ్ 3 మీటర్ల దాకా వెళ్తుంది. ఎత్తు పెంచకుండా అంత తేడా వస్తోందంటే ఈ బొమ్మ మీద ఒక రోజంతా కూర్చోవడం తప్పేమీ కాదు. డక్ట్, స్ప్రింక్లర్ పైపు, కేబుల్ ట్రే, డ్రైనేజీ పైపు ఎక్కడ ఒకదాన్నొకటి దాటుతాయో ఆ ఒక్క చోటు పెద్ద స్కేలులో గీయించండి. అది దాదాపు ఎప్పుడూ కోర్ (లిఫ్టులు, మెట్లు, షాఫ్టులు ఉండే భాగం) గుమ్మం ముందే ఉంటుంది. అన్నీ షాఫ్ట్‌లోంచి బయటికొచ్చేది అక్కడే.

3. పిల్లర్ల గ్రిడ్‌ను సెల్లార్ నిర్ణయిస్తుంది

పైన వర్క్‌స్టేషన్లు ఎలాగైనా సర్దుకుంటాయి. కార్లు సర్దుకోవు. ఒక్కో కారుకు 2.5 మీటర్ల వెడల్పు చొప్పున మూడింటికి 7.5, పిల్లర్ మందంతో కలిపితే 8.2 నుంచి 8.4 మీటర్లు. ఆఫీసు భవనాల్లో 8.4 గ్రిడ్ అంతగా కనిపించడానికి కారణం ఇదే. ర్యాంప్ మలుపు దగ్గర పిల్లర్ అడ్డొస్తోందా, ర్యాంప్ మొదట్లో దూలం కింద తల తగులుతుందా అన్నవి కూడా ఈ దశలోనే చూడాలి.

4. కోర్ ఎక్కడ, ఎంత

లిఫ్టులు, మెట్లు, టాయిలెట్లు, ఏహెచ్‌యూ (చల్లగాలిని డక్టుల్లోకి తోసే యంత్రం) గదులు, షాఫ్టులు అన్నీ కలిసిన ముద్దే కోర్. హైదరాబాద్‌లో దాన్ని పడమటి వైపుకు నెట్టగలిగితే సగం ఎండ అక్కడే ఆగిపోతుంది. నా ఓటు ఎప్పుడూ దానికే. అయితే రెండు మెట్ల దారులూ పక్కపక్కనే పెట్టకండి. పొగ ఒకదాన్ని మూసేస్తే రెండోది దూరంగా ఉండాలి.

ఎన్‌బీసీ ఆఫీసులకు 10 చదరపు మీటర్లకు ఒక మనిషి చొప్పున లెక్కేస్తుంది, అంటే అంతస్తుకు 150 మంది. ఐటీ కంపెనీలు ఇంకా ఇరికించి కూర్చోబెడతాయి కాబట్టి టాయిలెట్లు, నీళ్లు, గాలి 200కు లెక్కేయండి. మెట్లకు మనిషికి 10 మిల్లీమీటర్ల వెడల్పు కావాలి. ఒక్కోటి 1.5 మీటర్ల వెడల్పున్న రెండు మెట్ల దారులు 300 మందికి సరిపోతాయి. ఏ సీటు నుంచి లేచినా మెట్లకు నడక దూరం 30 మీటర్లు మించకూడదు. స్ప్రింక్లర్లుంటే దానికి సగం కలిపి 45 వరకు ఇస్తారు. గీత గీసి కొలవకండి, టేబుళ్లు, గోడలు తిరిగి వెళ్లే నడకను కొలవండి.

టాయిలెట్లలో మగవాళ్లకు 25 మందికి ఒకటి, ఆడవాళ్లకు 15 మందికి ఒకటి అని నియమం. సగం సగం అనుకుంటే మగవాళ్లకు నాలుగు, ఆడవాళ్లకు ఏడు. రెండు వైపులా ఒకే సైజు గదులు గీసేసి అద్దంలో తిప్పినట్టు పెట్టే అలవాటు ఇక్కడే బెడిసికొడుతుంది. లిఫ్టులు 13 మంది పట్టేవి నాలుగు కావాలి, అందులో ఒకటి ఫైర్ లిఫ్ట్. మూడుతో సరిపెడితే పొద్దున తొమ్మిదిన్నరకు లాబీలో క్యూ బయటి గేటు దాకా వస్తుంది.

5. నేల, పునాది, ఫ్రేము

హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్ బండ. మోసే శక్తికి ఢోకా లేదు కానీ బండ ఒకే లోతులో దొరకదు. స్థలంలో ఒక మూల మూడడుగుల్లోనే షీట్ రాక్ తగిలి, ఇంకో మూల పదిహేనడుగుల దాకా మొరం, గుండ్లు వస్తాయి. ఒకే ఫుటింగ్ సగం బండ మీద, సగం మొరం మీద కూర్చుందంటే ఆ తర్వాత ఏ గోడ ఎందుకు పగిలిందో వెతుక్కోవాల్సి వస్తుంది. బోర్లు నాలుగు మూలల్లోనూ, మధ్యలోనూ వేయించండి. రెండు సెల్లార్లకు బండ కొట్టడం బడ్జెట్‌లో పెద్ద పద్దు. పక్కన ఇళ్లుంటే బ్లాస్టింగ్‌కు బదులు బ్రేకర్లతో, లేదా రసాయనం పోసి పగలగొట్టడంతో సరిపెట్టుకోవాలి, దానికి సమయం ఎక్కువ పడుతుంది. బండ పగుళ్లలోంచి వానాకాలం నీళ్లూరతాయి కాబట్టి సెల్లార్ గోడలకు వాటర్‌ఫ్రూఫింగ్ బయటి వైపు నుంచే చేయించాలి, కింద డ్రైనేజీ గుంతలో పంపులు రెండు ఉండాలి.

2016 నాటి ఐఎస్ 1893 ప్రకారం హైదరాబాద్ భూకంప జోన్ 2లో ఉంది, గాలి వేగం లెక్కకు సెకనుకు 44 మీటర్లు. ఇదే భవనాన్ని విజయవాడలో కడితే జోన్ 3, గాలి 50, కింద కృష్ణా ఒండ్రు నేల. అప్పుడు పైల్ పునాదులు ఆలోచించాలి, ఐఎస్ 13920 ప్రకారం డక్టైల్ డిటెయిలింగ్ (ఊగినా ఠక్కున విరగకుండా వంగేలా ఇనుము కట్టడం) తప్పనిసరి అవుతుంది, ఫ్లాట్ స్లాబ్‌కు తోడుగా షియర్ వాల్స్ (అడ్డంగా ఊగకుండా ఆపే కాంక్రీట్ గోడలు) గట్టిగా ఉండాలి. హైదరాబాద్ డ్రాయింగులను యథాతథంగా అక్కడికి తీసుకెళ్లే పని పెట్టుకోవద్దు.

బరువుల దగ్గర ఒక మాట. ఐఎస్ 875 ఆఫీసు గదులకు చదరపు మీటరుకు 250 కిలోలు చాలంటుంది, విడిగా స్టోర్ ఉంటేనే. లేకపోతే 400. యూపీఎస్ బ్యాటరీలు, ఫైళ్ల ర్యాకులు 500కీ లొంగవు. కోర్ పక్కన ఒక గ్రిడ్‌ను ప్రతి అంతస్తులోనూ గట్టిగా డిజైన్ చేసి, అద్దె ఒప్పందంలో బరువులు ఇక్కడే పెట్టాలని రాసుకోండి.

పీటీ స్లాబ్‌లో అన్నిటికంటే భయపడాల్సింది కోర్ కటింగ్ మెషిన్‌కు. స్లాబ్ పోశాక ఏసీ కుర్రాడొచ్చి పైపు కోసం రంధ్రం వేస్తాడు, అడుగున లాగి బిగించిన కేబుల్ తెగుతుంది. దీనికి మందు ఒకటే. కాంక్రీట్ పోసే ముందు అన్ని శాఖల వాళ్లూ స్లీవ్‌లు (పైపుల దారికి ముందే ఉంచే గొట్టాలు) పెట్టి సంతకం చేయాలి, షట్టరింగ్ విప్పగానే స్లాబ్ అడుగున కేబుళ్ల దారులు పెయింటుతో గీయించాలి. ఆ గీతలు సీలింగ్ మూసేదాకా కనపడుతూ ఉండాలి.

6. గాజు, ఎండ

ఇప్పుడు ఎలివేషన్‌కు రావచ్చు. ఇంధన పొదుపు భవన నియమావళి ఈసీబీసీ 2017 ప్రకారం 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడ్ దాటిన వాణిజ్య భవనాల్లో గాజు బయటి గోడలో 40 శాతం మించకూడదు. ఉత్తరం కాని దిక్కుల్లో గాజు గుండా లోపలికొచ్చే సూర్యుడి వేడి నిష్పత్తి, అదే ఎస్‌హెచ్‌జీసీ, 0.27 దాటకూడదు. శాంపిల్ ముక్క చూసి రంగు బాగుందని గాజు కొనకండి. ఎస్‌హెచ్‌జీసీ అంకె ఉన్న టెస్ట్ రిపోర్ట్ అడగండి.

హైదరాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశంలో ఉంది. మార్చి, సెప్టెంబర్ విషువత్తు రోజుల్లో మధ్యాహ్నం సూర్యుడు 72.6 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. దక్షిణం వైపు 1.8 మీటర్ల కిటికీకి 600 మిల్లీమీటర్ల షేడ్ ఆ ఎండను పూర్తిగా ఆపుతుంది. డిసెంబర్‌లో సూర్యుడు 49 డిగ్రీలకు దిగుతాడు, అప్పుడు అదే పని చేయడానికి మీటరున్నర పైగా కావాలి. అంత బయటికి లాగడం కంటే లోపల బ్లైండ్స్ వేసుకోవడం మేలు. పడమటికి అడ్డం షేడ్ పనిచేయదు, సూర్యుడు కింద నుంచే గుచ్చుతాడు. అక్కడ గోడ, లేదా నిలువు రెక్కలు. ఉత్తరాన మే, జులై మధ్య సూర్యుడు కాస్త అటు తిరుగుతాడు కాబట్టి చిన్న రెక్కలు పెట్టినా చాలు.

హైదరాబాద్‌లోని సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను ఒకసారి వెళ్లి చూడండి. 2004లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. బయటి గాలిని ఏసీ యంత్రానికి పంపే ముందే విండ్ టవర్లలో చల్లబరచడం, జాలీ గోడలతో ఎండను విరవడం అక్కడ కళ్లారా కనిపిస్తాయి. యంత్రం సైజు పెంచకముందు దాని పని తగ్గించే మార్గాలు అవి.

7. ఏసీ

కోర్ వగైరా పోగా చల్లబరచాల్సిన జాగా సుమారు 72 వేల చదరపు అడుగులు. తొలి అంచనాకు 250 అడుగులకు ఒక టన్ను వేస్తే 290, సౌలభ్యానికి 300 టన్నులు. ఇక వీఆర్‌ఎఫా (ఎవరి ఔట్‌డోర్ యూనిట్లు వాళ్లకు విడిగా), చిల్లరా (నీటిని చల్లబరచి భవనమంతా తిప్పే ఉమ్మడి యంత్రం) అన్నది సాంకేతిక ప్రశ్నలా కనిపిస్తుంది గానీ నిజానికి అద్దె ప్రశ్న. ఆరుగురు వేర్వేరు కిరాయిదారులు, ఎవరి కరెంట్ బిల్లు వాళ్లది అంటే వీఆర్‌ఎఫ్ సుఖం. ఒకే కంపెనీకి మొత్తం భవనం ఇచ్చేట్టయితే, నీళ్లకు దారి ఉంటే, వాటర్ కూల్డ్ చిల్లరే చవక. 150 టన్నులవి రెండు పెట్టి, పక్కన 75 టన్నుల చిన్నది ఒకటి పెట్టండి. అమెరికా షిఫ్ట్ టీమ్ రాత్రి రెండింటికి ఒక్క అంతస్తులో కూర్చుంటే, వాళ్ల కోసం పెద్ద చిల్లర్ నడపడం కరెంట్‌ను కాల్చేయడమే.

వాటర్ కూల్డ్ చిల్లర్ వేడిని బయటికి వదిలే కూలింగ్ టవర్ గంటకు టన్నుకు సుమారు 7 లీటర్లు తాగుతుంది. వేసవిలో రోజుకు ఎనిమిది గంటల పూర్తి లోడుకు సమానంగా నడిచిందనుకుంటే 17 వేల లీటర్లు. రోజూ ఒకటిన్నర పెద్ద ట్యాంకర్ అన్నమాట. ఈ అంకెను మరచిపోకండి, కింద నీళ్ల దగ్గర పనికొస్తుంది.

ఏహెచ్‌యూ గదికి బయటి గోడ ఉండాలి, తాజా గాలి తీసుకోవడానికి. ఆ గాలి దారి జనరేటర్ పొగగొట్టానికీ, టాయిలెట్ ఎగ్జాస్ట్‌కూ దూరంగా ఉండాలి. మనిషికి సెకనుకు 2.5 లీటర్లు, దానికి తోడు చదరపు మీటరుకు 0.3 లీటర్ల బయటి గాలి ఆష్రే 62.1 (అమెరికా ఏసీ ఇంజినీర్ల సంఘం ప్రమాణం) లెక్క. మధ్యాహ్నం మూడింటికి మీటింగ్ రూమ్‌లో అందరూ ఆవలిస్తున్నారంటే భోజనాన్ని అనకండి, ఈ బయటి గాలి దారిలోని డాంపర్ (రెక్క తలుపు) మూసి ఉందేమో చూడండి.

చిన్నదే అయినా అన్ని భవనాల్లోనూ పీడించే సంగతి ఒకటుంది. ఏహెచ్‌యూ లోపల కాయిల్ మీద చేరిన నీళ్లు ట్రేలో పడి పైపు గుండా పోవాలి. కానీ ఫ్యాన్ గాలిని లాగుతుండటం వల్ల ట్రే దగ్గర ఒత్తిడి తక్కువగా ఉంటుంది, 500 పాస్కల్ దాకా. అది 50 మిల్లీమీటర్ల నీటి ఎత్తుకు సమానం. పైపుకు అంతకంటే లోతైన యూ ఆకారపు ట్రాప్ లేకపోతే బయటి గాలి లోపలికి దూరుతుంది, నీళ్లు ట్రేలోనే నిలిచి, పొంగి, కింది అంతస్తు సీలింగ్ మీద పసుపు మరకగా తేలతాయి. అంత ట్రాప్ పట్టాలంటే ఏహెచ్‌యూను 150 నుంచి 200 మిల్లీమీటర్ల దిమ్మ మీద ఎక్కించాలి. దిమ్మ ఎత్తు సివిల్ డ్రాయింగులో ఉందో లేదో ఇప్పుడే చూడండి. యంత్రం దిగాక ఎవరూ లేపరు.

8. నీళ్లు

ఆఫీసుకు మనిషికి రోజుకు 45 లీటర్లు, అందులో 25 మామూలు వాడకానికి, 20 ఫ్లష్‌కు. 1,200 మందికి 54 వేల లీటర్లు. మురుగునీటి శుద్ధి ప్లాంట్ (ఎస్టీపీ) 50 వేల లీటర్లది పెడితే నష్టాలు పోగా 45 వేల దాకా తిరిగొస్తాయి. ఫ్లష్‌కు 24 వేలు తీసేస్తే ఇరవై వేల పైచిలుకు మిగులుతుంది. కూలింగ్ టవర్‌కు కావాల్సింది పదిహేడు వేలు. లెక్క కుదిరింది చూశారా. ఎస్టీపీ, చిల్లర్ రెండూ ఒకే నిర్ణయం అనడానికి కారణం ఇదే. శుద్ధి చేసిన నీటిని టవర్‌కు పంపే ముందు సాఫ్ట్‌నర్ ఉండాలి, లేకపోతే కండెన్సర్ ట్యూబుల్లో సున్నం పేరుకుపోతుంది. ఫ్లష్ పైపు, తాగునీటి పైపు వేర్వేరు రంగుల్లో, వేర్వేరు ఓవర్‌హెడ్ ట్యాంకుల నుంచి రావాలి. ఎస్టీపీ గది ఎగ్జాస్ట్‌ను టెర్రస్ దాకా తీసుకెళ్లండి, సెల్లార్ ర్యాంప్ దగ్గర వదిలితే వాసన సీఈఓ కారు తలుపు తీయగానే పలకరిస్తుంది.

9. కరెంట్

చిల్లర్లు, పంపులు, ఏహెచ్‌యూలకు 315 కిలోవాట్లు, లైట్లకు 55, కంప్యూటర్లకు 150, లిఫ్టులు, సెల్లార్ ఫ్యాన్లు వగైరాకు 120. మొత్తం 640 కిలోవాట్లు, దాదాపు 700 కేవీఏ. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1,500 కేవీఏ దాకా 11 కేవీ సరఫరాతో సరిపోతుంది. 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్లు రెండు పెట్టండి, ఒకటి మొరాయించినా ఏసీ తగ్గించుకుని ఆఫీసు నడపొచ్చు. భవనం లోపల పెట్టాల్సి వస్తే నూనె లేని డ్రై టైప్.

మెయిన్ ప్యానెల్ గదిని సెల్లార్‌లోకి దించే సలహా ఎవరిచ్చినా వినకండి. 2020 అక్టోబర్ వానలకు నగరంలో ఎన్ని సెల్లార్లు మునిగాయో అందరికీ గుర్తుంది. అద్దె పోయినా సరే, గ్రౌండ్‌లోనే, కాస్త ఎత్తుగా.

జనరేటర్ పొగగొట్టానికి కాలుష్య నియంత్రణ మండలి సూత్రం ఉంది. భవనం ఎత్తుకు, కేవీఏ వర్గమూలంలో ఐదో వంతు మీటర్లు కలపాలి. 500 కేవీఏకు నాలుగున్నర మీటర్లు, అంటే గొట్టం టెర్రస్ మీద అంత ఎత్తు లేస్తుంది. దానికి షాఫ్ట్, ఇన్సులేషన్, టెర్రస్ మీద ఆధారం ముందే గీయాలి. డీజిల్ ట్యాంకులు సైట్లలో 990 లీటర్లవే ఎక్కువగా ఎందుకుంటాయంటే, ఒక్కో పాత్ర వెయ్యి లీటర్లు దాటితే పెట్రోలియం లైసెన్సు గోల మొదలవుతుంది. సోలార్ కోసం కిలోవాట్‌కు పది చదరపు మీటర్లు నీడ పడకుండా ఉంచండి. కూలింగ్ టవర్, లిఫ్ట్ గది దక్షిణాన పడితే ఆ ఆశ వదులుకోవాలి.

10. అగ్ని

ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దగ్గర భవనం ఆగిపోవడం పీటల మీద పెళ్లి ఆగిపోవడం లాంటిది, ఆపేది ఎక్కువగా ఫైర్ ఎన్‌ఓసీయే. పంపులు మూడు. పైపులో ఒత్తిడి నిలబెట్టే చిన్న జాకీ పంపు, ప్రధాన ఎలక్ట్రిక్ పంపు, కరెంట్ కట్ చేసినప్పుడు నడిచే డీజిల్ పంపు. ఎలక్ట్రిక్ పంపుకు కేబుల్ మెయిన్ స్విచ్ కంటే ముందు నుంచే విడిగా రావాలి, లేదంటే మంటలప్పుడు మెయిన్ ఆపగానే పంపూ ఆగుతుంది. స్ప్రింక్లర్లు ఎర్ర బల్బువి, 68 డిగ్రీలకు పగిలేవి. మెట్ల దారిలోకి పొగ రాకుండా ఫ్యాన్‌తో 50 పాస్కల్ ఒత్తిడి ఉంచుతారు. అంత ఒత్తిడిలో కూడా ఒక సన్నటి మనిషి తలుపు తోసి తెరవగలగాలి, అది చేత్తో తోసి చూసుకోండి. సెల్లార్లలో పొగ లాగే ఫ్యాన్లు గంటకు 12 సార్లు గాలి మార్చేంతవి ఉండాలి.

గాజు గోడకూ స్లాబ్ అంచుకూ మధ్య అంగుళాల సందు ఒకటి ఉంటుంది. దాన్ని మినరల్ ఊల్‌తో, ఫైర్ సీలెంట్‌తో నింపకపోతే కింది అంతస్తు మంట ఆ సందులోంచే పైకి పాకుతుంది. గాజు కాంట్రాక్టర్ అది సివిల్ పని అంటాడు, సివిల్ వాడు గాజు పని అంటాడు. టెండర్‌లోనే ఒకరి పేరున రాయండి. అగ్నిమాపక సిబ్బంది లోపలికి వచ్చేందుకు గాజు గోడలో తెరుచుకునే ప్యానెళ్లు 10 మీటర్లకొకటి ఉండాలని కూడా ఎన్‌బీసీ చెబుతోంది.

11. మూసే ముందు, అప్పగించే ముందు

సీలింగ్ మూసే ముందు ప్రతి గ్రిడ్‌నూ ఫోటో తీసి, గ్రిడ్ నంబర్‌తో దాచండి. పైపులకు ప్రెజర్ టెస్ట్ సీలింగ్ తెరిచి ఉన్నప్పుడే. ఫెసిలిటీ మేనేజర్‌ను తాళాలిచ్చే రోజు కాదు, రెండు నెలల ముందే పనిలోకి తీసుకోండి, వాల్వులు ఎక్కడున్నాయో కళ్లతో చూసి ఉంటాడు.

చివరి పరీక్ష ఆదివారం పెట్టుకోండి. ఏసీ, లైట్లు, లిఫ్టులు అన్నీ నడుస్తుండగా మెయిన్ ఆపేయండి. జనరేటర్ ఎన్ని సెకన్లకు అందుకుంది, యూపీఎస్ ఆగకుండా మోసిందా, చిల్లర్ తిరిగి తనంతట లేచిందా రాసుకోండి. తర్వాత ఒక అంతస్తులో పొగ డిటెక్టర్‌ను మోగించండి. ఆ అంతస్తు ఏహెచ్‌యూ ఆగాలి, మెట్ల ఫ్యాన్లు తిరగాలి, లిఫ్టులన్నీ గ్రౌండ్‌కు వచ్చి తలుపులు తెరుచుకు నిలబడాలి, కార్డు పెడితే తెరుచుకునే తలుపుల తాళాలు వదులవ్వాలి. మొదటిసారి ఈ నాలుగూ సరిగా జరగడం అరుదు. వైరింగ్ సరిచేసి, అదే పరీక్ష జనరేటర్ మీద నడుస్తున్నప్పుడు ఇంకోసారి చేయించి, ఆ కాగితం మీద ఏసీ, ఎలక్ట్రికల్, ఫైర్, లిఫ్ట్ కాంట్రాక్టర్లు నలుగురితోనూ సంతకం పెట్టించుకున్నాకే చివరి బిల్లు వదలండి.